దగ్గులో రకం

మా ఇంట్లో దగ్గు కొత్త కాదు.
ఆకు అల్లే నెలల్లో
టంగుటూరు దక్షిణాన మా పల్లెంతా దగ్గుతుంది.
కట్టెల పొగకి నాయన, పచ్చాకు ఘాటుకి అమ్మ,
చుట్ట ముట్టించుకుంటూ తాత,
బ్యారన్ పక్కన కట్టేసిన బర్రెగొడ్డు కూడా.
అందుకే ఆ రాత్రి మా తమ్ముడు దగ్గితే
ఎవురం తల తిప్పలేదు.

మాల్యాద్రికి అప్పుడు మూడో నెల.

అమ్మ చేత్తో తడిమితే చాలు,
ఇది పై ఆకు, ఇది అడుగాకు,
ఇది రేటు పలికేది, ఇది తుక్కు అని
కళ్ళు మూసుకుని చెప్పేది.
దగ్గులో కూడా రకాలుంటాయని
ఆమెకెవరు చెప్పారు?

వాడి దగ్గు ఆగేది కాదు.
ఒకదాని మీద ఒకటి, ఊపిరికి సందివ్వకుండా,
లోపలున్న గాలంతా బయటికి తోసేసి
చివర్లో, ఎండిన బోరింగు పిడి కొడితే
వచ్చే చప్పుడు.
నీళ్ళు కాదు, నీళ్ళ కోసం లాగే కూత.
మొహం వంకాయ రంగుకి తిరిగేది.
తర్వాత కాసిని పాలు కక్కి
ఏమీ జరగనట్టు నా వేలు పట్టుకునేవాడు.

నాకు ఏడేళ్ళు. దగ్గులు లెక్కపెట్టేదాన్ని.
ఇరవై దాకే వచ్చేవి అంకెలు.
ఇరవై దాటితే మళ్ళీ ఒకటి నుంచి.

"కోరింత దగ్గు, నూరు రోజులుంటది" అంది మూలింటి పిచ్చమ్మ.
సింగరాయకొండ నుంచి గాడిదను తోలుకొచ్చినాయన
ఉగ్గుగిన్నెడు పాలు పిండి ఇరవై తీసుకున్నాడు.
మెళ్ళో తాయెత్తు. ఛాతీకి ఆముదం.
నూరు రోజులన్నారు కదా అని
నేను గోడ మీద బొగ్గుతో గీతలు గీశాను.
పదిహేడు గీతలు.
ఆ గోడకి ఆ ఏడు సున్నం వెయ్యలేదు.

చాలా ఏళ్ళకి తెలిసింది,
మొదటి సూదికి వాడికి జ్వరం వచ్చిందంట.
రెండో సూది రోజు
మా వంతు బ్యారన్ నింపే రోజంట.
అల్లకపోతే పచ్చాకు కుళ్ళిపోద్ది.
"వచ్చే నెల పోదాంలే" అనుకున్నారంట.
ఇందులో దుర్మార్గులెవరూ లేరు.
ఒక రోజు కూలి, ఒక రాత్రి జ్వరం,
ఒక "లే".

ఇవాళ బుధవారం.
అంగన్‌వాడీ వసారాలో నర్సు మస్తాన్‌బీ
నీలం డబ్బా మూత తీస్తే
ఐసు చల్లదనం నా మోకాళ్ళకి తగిలింది.
నా బుడ్డదానికి పది వారాలు.
మొన్న ఆరో వారంలో తొడ మీద కాయ కట్టి
రాత్రంతా ఒళ్ళు కాలింది.
పొద్దున నేనే అన్నాను అమ్మతో,
"ముక్కు కారతంది, వచ్చే వారం పోదాంలే."
అమ్మ ఏమీ అనలేదు.
గ్రేడింగుకి బయల్దేరిన మనిషి
క్యారేజీ అరుగు మీద పెట్టి,
బిడ్డని భుజానేసుకుని
నా కంటే ముందు నడిచింది.

మస్తాన్‌బీ కార్డు మీద వేలు పెట్టి చదివింది,
కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం...
రెండోది తర్వాత నాకేమీ వినపడలేదు.
"ఈ మాత్రం జలుబుకి సూది ఆపబాకండి.
జ్వరమొస్తే భయపడబాకండి, చుక్కల మందిస్తా.
సూది దిగిన చోట రుద్దబాకండి."

సూది దిగింది.
ఒక్క క్షణం బిడ్డ నోరు తెరుచుకుని ఉండిపోయింది.
చప్పుడు లేదు.
ఆకు తడిమే అమ్మ వేళ్ళు
ఆ చిన్న ఛాతీ మీద బిగుసుకున్నాయి.

అప్పుడు ఏడ్చింది బుడ్డది.
పెదాలు ఎర్రగా, నాలిక వణుకుతూ,
ఆటో కోసం నిలబడ్డవాళ్ళు తిరిగి చూసేటంత.
మధ్యలో నిండుగా గాలి పీల్చుకుని, మళ్ళీ.
ఊరుకోబెట్టబోతే
అమ్మ నా చేతిని పక్కకి నెట్టింది.
"ఏడవనీ మే,
ఎంత బాగా పీలుస్తందో చూడు."

తర్వాతి సూది తేదీ కార్డులో రాసిచ్చారు.
ఆ రోజు మాకు ఆకు కొట్టుడుంది.
కొట్టుడు ఇంకో రోజుకి పెట్టుకోమని
దోవలోనే మేస్త్రీకి చెప్పేసింది అమ్మ,
అడగను కూడా అడగలేదు నన్ను.